డాక్టరమ్మ రాగానే తగ్గే జ్వరం

"‘మీ షాపులో కొన్న గ్రాఫిక్స్ కార్డు డొక్కుది. ఇరవై నాలుగు గంటల్లో మార్చకపోతే వచ్చి మీ షాపు ముందు కూర్చుంటాను.’ ఇది రాసింది మీరేనా?"

గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా, ఫోన్‌లో చూసి గట్టిగా చదివిందా అమ్మాయి. భుజానికి నల్ల సంచి. జుట్టు పైకి ముడేసి అందులో ఒక పెన్సిల్ గుచ్చింది.

"నేనే" అన్నాను. రాసేటప్పుడున్న గొంతు చెప్పేటప్పుడు లేదు.

"మా షాపులో ఉన్నది ఒక్కటే స్టూలు. దాని మీద మా పిన్ని కూర్చుంటుంది. మీరొస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదని నేనే వచ్చేశాను. పేషెంట్ ఎక్కడ?"

వెనక నుంచి నాన్న నవ్విన నవ్వుకి వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. నాన్న అలా నవ్వి వారమైంది.

నాన్న సంగతి చెప్పాలి. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాడాయన. రిటైర్మెంట్ ఇంకా నాలుగు నెలలుందనగా, నిండు బస్సుతో కొండ దారిలో వెళ్తుంటే ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. బస్సుని మెల్లగా పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తలుపులు తెరిచి, ఆ తర్వాతే స్టీరింగ్ మీద వాలిపోయాడు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. గుండె ఆపరేషన్ అయ్యాక ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన మాత్రం, "ట్రిప్పు మధ్యలో దిగిపోయానయ్యా. బస్సుని ఇంకెవరో డిపోకి చేర్చారు" అనేవాడు.

ఏడాది పాటు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద వెళ్ళే బస్సుల గేర్లు విన్నాడు. "సెకండ్‌లో ఎక్కించాల్సింది థర్డ్‌లో ఎక్కిస్తున్నాడు వెధవ" అని గొణుక్కునేవాడు. అది చూడలేక కంప్యూటరు, దానికో స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడళ్ళు కొనుక్కొచ్చి బస్సు నడిపే గేము పెట్టిచ్చాను. నాన్న మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. మధ్యాహ్నం భోంచేసి, తల దువ్వుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవాడు. తెరలోని ప్రయాణికులకి "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని చెప్పేవాడు. ఆయనతో పనిచేసిన ఇద్దరు కూడా వాళ్ళ ఊళ్ళలోంచి గేములో చేరారు. ఒకాయన ఊరికే హారన్ కొడతాడని హారన్ బాబాయ్, ఇంకొకాయన ఎవరినీ దాటడు కాబట్టి నత్త బాబాయ్.

వచ్చే ఆదివారం ముగ్గురూ కలిసి కొండ దారిలో నాలుగు గంటల ట్రిప్పు పెట్టుకున్నారు. సరిగ్గా అలాంటి టైములో కంప్యూటర్‌కి రోగం పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ తెర నల్లగా అయిపోతుంది. ఫ్యాన్లు రయ్యిమంటాయి. ఒక్కోసారి దానంతటదే తేరుకుంటుంది, ఒక్కోసారి మొత్తం ఆగిపోతుంది. అలా అయిన ప్రతిసారీ నాన్న స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ మధ్యలోనే" అంటాడు. తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డుదే తప్పనుకుని, ఆ కోపంలో రాశాను కంప్యూటర్ షాపుకి.

ఆ అమ్మాయి కంప్యూటర్ డబ్బాని టేబుల్ కింద అరలోంచి బయటికి లాగి, పైన పెట్టి, పక్క పలక విప్పింది. టార్చ్ వేసి చూస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎప్పుడవుతుంది?"

"మధ్యాహ్నాలు. నేనప్పుడు కళ్ళజోళ్ళ షాపులో పనిలో ఉంటాను. సాయంత్రం నేను ఆడితే ఏమీ కాదు."

"ఈ అర తలుపు తీసే ఉంచుతారు కదా? దీనికి గాలి ఆడాలి."

"ఎప్పుడూ తీసే ఉంటుంది" అన్నాను ఠకీమని.

"కార్డు మీద ఏమైనా మార్పులు చేశారా? స్పీడ్ పెంచడం లాంటివి?"

"అబ్బే, లేదండీ."

ఆమె తెర మీద ఏదో తెరిచి వేలితో చూపించింది. "మరి ఈ గీత ఉండాల్సిన దానికన్నా పైకి ఎందుకుంది?"

"అది... దానంతటదే పెరిగుంటుంది."

"గోళ్ళలాగానా?"

నాన్న మళ్ళీ నవ్వాడు. ఏదో వీడియో చూసి నేనే పెంచానని ఒప్పుకోక తప్పలేదు. ఆమె ఒక్క నొక్కుతో దాన్ని యథాస్థానానికి దించేసింది.

"డాక్టర్ దగ్గరా లాయర్ దగ్గరా అబద్ధం చెప్పకూడదంటారు. ఆ లిస్టులో మమ్మల్నీ కలుపుకోండి" అంటూ తెర మీద వచ్చిన మెసేజ్ చదివింది. "డ్రైవర్ ఆగిపోయిందంటోంది. పాత డ్రైవర్‌ని పూర్తిగా పీకేసి కొత్తది వెయ్యాలి."

"అంతేలే తల్లీ. పాత డ్రైవర్లంటే ఎవరికైనా లోకువే" అన్నాడు నాన్న వెనక నుంచి.

ఆమె గబుక్కున తిరిగింది. మొహం ఎర్రబడింది. "అయ్యో అంకుల్, మీ గురించి కాదు! కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని కూడా డ్రైవర్ అనే అంటారు."

"తెలుసులే డాక్టరమ్మా. ఊరికే అన్నాను."

అప్పటినుంచి మా ఇంట్లో ఆమె పేరు డాక్టరమ్మే.

డ్రైవర్ కొత్తది వేసింది. కార్డు ఊడదీసి, దుమ్ము ఊది, మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టింది. నాన్న గంటన్నర బస్సు నడిపాడు. తెర రెప్ప కూడా వెయ్యలేదు.

మర్నాడు మూడు దాటగానే నాన్న నుంచి ఫోన్. "ఏరా, పోయిందిరా."

రెండోసారి వచ్చేసరికి వాన. గొడుగున్నా సంచి తడవకుండా పట్టుకుని తను తడిసి వచ్చింది. నేను లంచ్ టైమ్ అని చెప్పి ఇంటికి పరిగెత్తుకొచ్చాను. అమ్మ తువ్వాలిచ్చింది, టీ పెట్టింది. అంతలో ఆవిడ ఫోన్ మోగితే, "ఇంటికి మనిషొచ్చిందర్రా, ఇవాళ పాఠం లేదు, రేపు రెండు పాటలు చెబుతాను" అని పెట్టేసింది. అమ్మ ఫోన్‌లోనే పిల్లలకి పాటలు నేర్పుతుంది.

డాక్టరమ్మ కార్డుకి కరెంటిచ్చే కేబుల్ మార్చింది. మెమరీని పరీక్షించింది. ఆ తర్వాత కార్డు చేత కావాలని గంటసేపు బండచాకిరీ చేయించే పరీక్ష ఒకటి పెట్టింది. ఆ గంటా మేం చేయగలిగింది కూర్చోవడమే. తెర మీద ఏవో రంగుల బంతులు తిరుగుతుంటే ఆమె వాటిని చూస్తోంది, నేను ఆమెని చూస్తున్నాను.

"కొంచెం కళ్ళు చికిలిస్తున్నారు" అన్నాను.

"ఏంటి?"

"చిన్న అక్షరాలు చదివేటప్పుడు. ఎడమ కంటికి కాస్త సైటుంది మీకు."

"మీరు నన్ను చూస్తున్నారా, నా కళ్ళు చెక్ చేస్తున్నారా?"

"రెండూ ఒకేసారి చేయొచ్చండీ. మా పనిలో అదే సౌకర్యం."

ఆమె పెదవి కొరికి నవ్వాపుకుని, రంగుల బంతుల వైపు తిరిగిపోయింది. కానీ టీ కప్పు ఖాళీ అయ్యాక కూడా రెండుసార్లు తాగింది. అది నేను చూశాను.

పరీక్ష నెగ్గింది. జబ్బు లేదు. ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. వాన మాత్రం ఆగలేదు, కిటికీ దగ్గర నేను కూడా కదల్లేదు.

మర్నాడు, అంటే శుక్రవారం, మూడు గంటల ఇరవై నిమిషాలకి మళ్ళీ పోయింది. ఆ సాయంత్రమే ఆమె వచ్చింది. ఈసారి నవ్వలేదు. కంప్యూటర్ మామూలుగానే బుద్ధిగా పనిచేసింది. ఏదో చిన్న ప్రోగ్రామ్ ఎక్కించి, "కార్డు ఎంత వేడెక్కుతోందో ఇది నిమిష నిమిషానికి రాసి పెడుతుంది" అని సంచి సర్దుకుంది. నేను గేటు దాకా వెళ్ళాను.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు" అంది. "కిందటేడు ఒకాయన నన్ను పిలిపించుకోడానికి వారానికో వైరు పీకేవాడు. షాపులో అందరూ నన్ను చూసి నవ్వారు. మూడు సార్లు వచ్చాను, మూడు సార్లూ ఈ మిషన్‌కి ఏమీ కాలేదు. మీకు నాతో ఏమైనా చెప్పాలనుంటే నాతోనే చెప్పండి. మిషన్‌ని మధ్యలోకి లాగకండి."

ఆమెని చూడాలని నాకున్న మాట నిజమే. అందుకే ఆ మాట మరీ గట్టిగా తగిలింది.

"మా నాన్న ఆ స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకోవడం మీరు చూడలేదు" అన్నాను. "ఒక అమ్మాయిని చూడ్డానికి ఆయన్ని అలా కూర్చోబెట్టేవాణ్ణి కాదు నేను. ఇక మీకు ఫోన్ చెయ్యంలెండి."

గేటు నేనే వేశాను. అది కావాలనుకున్న దానికన్నా పెద్ద చప్పుడు చేసింది.

శనివారం మూడున్నరకి నాన్న ఫోన్ చేశాడు. "డాక్టరమ్మని పిలుస్తావా?"

"వద్దు నాన్నా."

"ఏరా, ఏమన్నావు ఆ పిల్లని?"

"తనే నన్నంది."

"అయితే నిజమేదో అనుంటుంది" అని పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆమె పెట్టిన ప్రోగ్రామ్ తెరిచాను. నిమిషానికో వరుస, పక్కన వేడి. రెండు గంటల నుంచి మూడు దాకా డెబ్బై, డెబ్బై ఒకటి. మూడూ రెండుకి డెబ్బై అయిదు. మూడుంబావుకి తొంభై. మూడూ ఇరవైకి తొంభై ఆరు, ఆ తర్వాత ఏమీ లేదు. కొండెక్కినట్టు ఎక్కి అక్కణ్ణుంచి పడిపోయింది. మూడింటికి ఏమవుతోందో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యే మనిషి ఒక్కరే ఉన్నారు. పది నిమిషాలు హాల్లో అటూ ఇటూ తిరిగాను. చివరికి ఒక్క మాటా రాయకుండా ఆ ఫైల్ ఆమెకి పంపేశాను.

జవాబు లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి తలుపు చప్పుడైంది. తీస్తే ఆమె. పెన్సిల్ జుట్టులోనే ఉంది. కానీ ముడి కాస్త వంకరగా ఉంది, తొందరలో వేసుకున్నట్టు.

"మేం కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాను.

"తెలుసు. నేను సెలవులో ఉన్నాను. మూడింటికి మీ ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలి. దయచేసి నన్నెవరూ పట్టించుకోవద్దు. ఆంటీ, టీ వద్దు. నేను లేనట్టే, రోజూ ఏం చేస్తారో అదే చెయ్యండి."

వంటింటి గుమ్మం పక్కన చిన్న పీట వేసుకుని కూర్చుంది. ఇంకో పీట లేక నేను గోడకి ఆనుకుని ఆమె పక్కనే నిలబడ్డాను.

రెండింటికి నాన్న బండి తీశాడు. ముందు హారన్ బాబాయ్, మధ్యలో నాన్న, వెనక నత్త బాబాయ్. ట్రిప్పు మేమూ వినాలని హెడ్‌ఫోన్‌తో పాటు పెట్టిన స్పీకర్‌లోంచి హారన్ల మోత. "హారన్ కాదురా, గేర్ మార్చు" అని నాన్న అరుపు. కొండ దారి మొదలైంది. మలుపు మలుపుకీ నాన్న భుజం బస్సుతో పాటే వంగుతోంది.

మూడింటికి అమ్మ ఫోన్ మోగింది.

"ఆఁ, వచ్చారా అందరూ? ఆదివారం కదా, ఇవాళ పెద్ద పాట" అంటూ అమ్మ హాల్లోకి నడిచింది. ఆవిడకి సిగ్నల్ అక్కడే బాగుంటుంది. టేబుల్ దగ్గరకొచ్చి మొహం చిట్లించింది. "ఉండండర్రా, ఈ ఫ్యాన్లది ఒకటే హోరు" అని, మాటాపకుండా, వంగకుండా, కంప్యూటర్ ఉన్న అర తలుపుని కాలితో నెట్టింది.

టక్.

నాన్నకి హెడ్‌ఫోన్‌లో వినబడలేదు. నాకు వినబడింది కానీ అదేమిటో పట్టలేదు. పాట సగంలో, పావుగంట దాటాక, ఫ్యాన్లు రయ్యిమన్నాయి. అప్పుడు తట్టింది. నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే నావైపు చూస్తోంది.

"ఎప్పుడూ తీసే ఉంటుందన్నారు" అంది నెమ్మదిగా.

"నేనుండేది సాయంత్రం కదండీ" అన్నాను ఇంకా నెమ్మదిగా.

"నేనొచ్చినప్పుడు పాఠం లేదు. పాఠం ఉన్నప్పుడు నేను లేను." నుదుటి మీద అరచేత్తో కొట్టుకుని ఒక్క గంతులో వెళ్ళి తలుపు తీసింది. లోపల్నుంచి వేడి గాలి ఆమె మొహాన కొట్టింది. గుమ్మం దగ్గరున్న నాకే తగిలింది. తెర ఒక్కసారి ఆగింది. నాన్న బస్సు మలుపు మధ్యలో బిగుసుకుపోయింది. ఆయన చేతులు స్టీరింగ్ మీద తెల్లబడ్డాయి.

నేను దొరికిన దినపత్రిక తీసుకుని విసరడం మొదలుపెట్టాను. ఆమె తలుపు బందుల్లోని స్క్రూలని స్క్రూడ్రైవర్‌తో విప్పేస్తోంది. "ఆంటీ, ఈ తలుపు నేను పట్టుకుపోతున్నాను!"

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఫోన్ పట్టుకుని, "నేనేం చేశానే?" అంది. అవతల పిల్లలు కూడా, "ఏం చేశారు మేడమ్?" అన్నారు.

తెర కదిలింది. బస్సు మలుపు తిరిగింది.

"ఏమైందిరా, ఆగావు?" అన్నాడు నత్త బాబాయ్.

"నీకోసమేరా" అన్నాడు నాన్న.

అయిదూ యాభైకి మూడు బస్సులూ కొండ దిగి స్టాండ్‌లోకి వచ్చాయి. నాన్న తన బస్సుని గీత మధ్యలో నిలబెట్టాడు. హ్యాండ్‌బ్రేక్ వేశాడు. తలుపులు తెరిచాడు. తెరలో ప్రయాణికులు ఒక్కొక్కరే దిగుతుంటే చివరివాడు దిగేదాకా చూశాడు. హారన్ బాబాయ్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. స్పీకర్‌లోంచి ఆయన ముక్కు చీదుకోవడం మాత్రం వినబడింది.

"చేర్చానురా" అన్నాడు నాన్న. హెడ్‌ఫోన్ తీసి కళ్ళు తుడుచుకుని మావైపు తిరిగాడు. "డాక్టరమ్మా, చేర్చాను."

ఆమె తలూపింది. తలుపు చెక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వెళ్తానని లేస్తే అమ్మ నన్ను కళ్ళతో తోసింది. వాన మళ్ళీ మొదలైంది. ఉన్న ఒక్క గొడుగు ఆమెది. బస్టాప్ దాకా నేను సగం లోపల, సగం బయట.

"సారీ" అంది. "మీ మీద వేసిన నింద చాలా తప్పు."

"తలుపు సంగతి నేను తప్పు చెప్పాను. సరిపోయింది."

"సరిపోలేదు. ఇంకొకటి ఉంది." బస్టాప్ రేకు కిందికొచ్చి గొడుగు ముడిచింది. నా వైపు చూడకుండా దాని నీళ్ళు దులుపుతూ ఉండిపోయింది. "రెండోసారి వెళ్ళాక షాపులో కూర్చుని, ఆ కంప్యూటర్ మళ్ళీ చెడిపోతే బావుణ్ణనుకున్నాను. నిజంగానే చెడిపోయిందని ఫోనొచ్చింది. సంతోషపడ్డాను. అక్కడ అంకుల్ అలా కూర్చునుంటే నేనిక్కడ సంతోషపడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మీరే కావాలని చేస్తున్నారనుకుంటే తప్పు నాది కాకుండా పోతుంది కదా! అందుకే మిమ్మల్నన్నాను."

వాన రేకు మీద దబదబా కొడుతోంది.

"మీతో ఏమైనా చెప్పాలనుంటే మీతోనే చెప్పమన్నారు" అన్నాను.

"అన్నాను."

"మీరు మా ఇంటికి వస్తే నాకు బావుంటుంది. ఏదీ చెడిపోకపోయినా. ఎన్నిసార్లొచ్చినా. మీకు ఇష్టమైతే ఎప్పటికీ."

ఆమె గొడుగు దులపడం ఆపింది. చెవుల దాకా ఎర్రబడింది. దూరంగా బస్సు లైట్లు కనబడ్డాయి. అది వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"మా పిన్నికి ముక్కుమీద కోపం. నిన్ను పది ప్రశ్నలడుగుతుంది. అబద్ధం చెబితే పట్టేస్తుంది."

"నన్నా?"

"నిన్నే. రేపు పదింటికల్లా షాపుకి రా."

తలుపు మూసుకుంది, బస్సు కదిలింది. అద్దం మీద వాన చారల వెనక ఆమె చెయ్యి ఊపుతూ ఉంది. ఇన్ని రోజులూ ‘మీరు’ అన్న మనిషి ఒక్క నిమిషంలో ‘నువ్వు’లోకి దిగి వెళ్ళిపోయింది. నేను గొడుగు లేకుండా, అస్సలు తొందర లేకుండా, తడుస్తూ ఇంటికి నడిచాను.